చూచువాడు, తినువాడు

పల్నాటి సీమకు వెళ్లిన శ్రీనాథ మహాకవి, సన్నబియ్యపు అన్నమునకు అలవాటుపడిన నాలుకతో అక్కడి జొన్నకూటిని మ్రింగలేక, ఆ సీమను, ఆ కూటిని కలిపి ఎత్తిపొడిచిన చాటువులు ఆయన పేర ఈనాటికిని మన నోళ్లలో నానుచున్నవి. ఆ పద్యములను నిజముగా ఆయనయే చెప్పెనో, ఆయన పేరు పెట్టి మరియొకరు చెప్పిరో పండితులు తేల్చుకొందురు గాక. నాకు వింతగా తోచునది వేరొకటి. ఒక రసికుని నాలుకకు రుచింపని ధాన్యము, ఆ రసికునికి మాట చమత్కారము కలదు గనుక, కొన్ని వందల సంవత్సరములు ‘పేదవాని కూడు’ అను ముద్రను మోయవలసి వచ్చినది. జొన్న తినువారిలో ఎవరైనను బదులు పద్యము చెప్పియుండిన, దానిని మోసుకొని తిరిగినవారు లేకపోయిరి. ఈనాడో, అదే జొన్న, దానితోపాటు కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు హైదరాబాదులోను విజయవాడలోను గాజు తలుపుల అంగళ్లలో అందమైన సంచులలో కూర్చుండి, సన్నబియ్యముకంటె ఎక్కువ వెల పలుకుచున్నవి. ధాన్యము నాటిదే, దానిని గూర్చి మనకు చెప్పువారు మారిరి.

నేటి నా రేడియో ప్రసంగమునకు విషయము ఆ చెప్పువారే. ఒక మనిషి తన భోజనపు అలవాటును మార్చుకొనవలెనని తలచినపుడు, ఆ తలంపు అతని కడుపులో పుట్టినదా, వైద్యుని గదిలో పుట్టినదా, లేక అరచేతిలో వెలుగుచున్న ఫోనులో పుట్టినదా అని కొంచెము విచారించుట మంచిదని నాకు తోచినది. నేను వైద్యుడను కాను, పోషకాహార శాస్త్రజ్ఞుడను అంతకన్నను కాను. నడివయస్సు దాటి, రక్తములో చక్కెర కొద్దిగా హద్దు మీరినదని వైద్యులు చెప్పగా, విస్తరి ముందు కూర్చున్నపుడు మునుపటికంటె కొంత ఆలోచించుచున్న సామాన్య గృహస్థును. ఇట్టివారము ఈ దేశములో కొద్దిమందిమి కాము: భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వేక్షణము ప్రకారము మధుమేహము కలవారు 10 కోట్ల పైచిలుకు, దాని గడపలో నిలిచియున్నవారు 13 కోట్ల పైచిలుకు.

తెల్లని అన్నము మన ఇండ్లలోనికి వచ్చిన తీరు తలచుకొన్నచో, ఆహారము మారుట ఎన్నడును నాలుక ఒక్కదాని నిర్ణయము కాదని తెలియును. 1852లో ధవళేశ్వరము వద్ద గోదావరికి ఆనకట్ట పూర్తియైనది. మరి మూడేండ్లకు బెజవాడ వద్ద కృష్ణకును కట్టిరి. కాలువ పారినచోట వరి పండినది, వరి పండినచోట సంపద పెరిగినది, సంపద పెరిగినచోట తెల్లని అన్నము మర్యాదకు చిహ్నమైనది. మెట్టసీమల వారు మాత్రము చాలకాలము సంకటితోను, అంబలితోను, జొన్నరొట్టెతోను రోజులు గడుపుచు, పండుగనాడు వరియన్నము వండుకొనుచుండిరి. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయలకు ఇచ్చుట ఆరంభించిన తరువాత, ఆ పండుగనాటి అన్నము ప్రతిదినపు అన్నమైనది. ఆ పథకమును నేను తక్కువ చేయను. ఆకలి ఎరిగిన ఇంటికి అన్నపు కుండ ఎంతటి ధైర్యమో తెలియనివారే దానిని పరిహసింతురు. కాని చవుక బియ్యము వచ్చిన త్రోవనే తిరుగలి మూలకు చేరినదనుటయు, జొన్నచేను కుదించుకొనిపోయినదనుటయు సత్యమే.

ఈ చవుక బియ్యపు కథకంటె పాతదియు, మన కోస్తావారు దాదాపు మరచినదియు అగు కథ మరియొకటి కలదు. దంపుడు బియ్యము పోయి మరబియ్యము వచ్చిన తరువాత, ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున, ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి పాతుకొనియుండెడిది. కాళ్లు తిమ్మిరెక్కుట, వాచుట, గుండె నీరసించుట దాని లక్షణములు. పచ్చి ధాన్యమును మరపట్టి తెల్లగా మెరుగు పెట్టినపుడు, గింజ పైపొరతో పాటు బి1 విటమిను తవుడులో కలిసిపోవును; ఉప్పుడు బియ్యము తినెడి సీమలలోనైతే, ధాన్యమును ముందుగనే నానవేసి ఉడికించుటచే ఆ విటమిను గింజలోనికి ఇంకి కొంతవరకు నిలుచును గనుక, అచ్చట ఆ వ్యాధి అంతగా కానరాదయ్యెను. తవుడు పశువులకును, తెల్లదనము మనుష్యులకును దక్కిన ఈ పంపకములో లాభపడినవి పశువులు. 1918లో నీలగిరులలోని కూనూరులో, పాశ్చరు సంస్థకు చెందిన ఒకే ఒక గదిలో, రాబర్టు మెక్కారిసను అను వైద్యుడు బెరిబెరి విచారణకై ఆరంభించిన చిన్న శాఖయే క్రమముగా పెరిగి, హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా నిలిచియున్నది. తెల్లదనముపై మన పూర్వులకు ఆ మోజు పుట్టించినది ఏ తెరయు కాదు, ఏ ప్రకటనయు కాదు, పొరుగింటి విస్తరి. అదియే ఆనాటి సామాజిక మాధ్యమము.

పొరుగింటి విస్తరి వెనుకనే వ్యాపారి వచ్చెను. తేయాకు వర్తకుల మండలివారు 1930లలో ఊరూర తిరిగి, సంతలలోను రైలు స్టేషన్లలోను కప్పులు కప్పులుగా తేనీరు పోసి, ఎట్లు కాచవలెనో చేసి చూపి, ఆ పానీయము పేరు కూడ ఎరుగని ఇండ్లకు దానిని అలవాటు చేసిరి. 1937లో వచ్చిన డాల్డా, నేతికి బదులు తనను వాడుకొనవచ్చునని ఇల్లాండ్రకు నచ్చజెప్పుటకు సినిమా తునకలను, తన డబ్బా ఆకారములో కట్టిన వాహనమును వీధులలో త్రిప్పినది. ఇక రేడియో సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. 1960ల నడుమ తంజావూరు రైతులు ఆడుతురై 27 అను క్రొత్తరకపు వరిని ఆకాశవాణి ప్రసంగములు విని నాటి, దానికి ‘రేడియో వరి’ అని పేరు పెట్టుకొనిరి. ఒక ప్రాంతపు చేలను, ఆ చేల ద్వారా వారి కంచములను మార్చిన యంత్రము ముందు కూర్చుండి, ఇతర మాధ్యమములను నిందించుటకు నాకు సంపూర్ణమైన అధికారము లేదు.

అయినను ఒక భేదము కలదు, అది చిన్న భేదము కాదు. ఈ గదిలో మాటలాడుచున్న నాకు మీరెవరో తెలియదు. మీరు వినుచున్నారో, రేడియోను అరుగుమీద పెట్టి చిక్కుడుకాయలు ఒలుచుకొనుచున్నారో, నా మాట విసిగించి మీట త్రిప్పివేసితిరో నాకు కానరాదు. ఫోనులోని తెరకు ఇవన్నియు తెలియును. మీరు ఏ దృశ్యము దగ్గర ఎన్ని క్షణములు ఆగితిరో, దేనిని మరల చూచితిరో, ఏ రాత్రి ఎంత ప్రొద్దుపోయినదాక మేలుకొంటిరో అది లెక్క వ్రాసికొనును. 2012లో యూట్యూబు సంస్థ, ఒక దృశ్యమును ఎందరు తెరచిరనుట కంటె ఎంతసేపు చూచిరనుటకే ఎక్కువ విలువ కట్టునట్లు తన పద్ధతిని మార్చుకొన్నది. 2016 తరువాత మన దేశములో ఇంటర్నెట్టు వెల అమాంతము పడిపోయి, అప్పటివరకు పట్టణములలో కొందరికే పరిమితమైన ఆ తెర పొలముగట్టు మీదికి వచ్చినది. ఆ రెండును కలిసిన తరువాత, మన కన్ను ఎచట చిక్కునో కనిపెట్టి, అట్టిదే మరియొకటి, అంతకు కొంచెము ఘాటైనది ఇంకొకటి అందించుట నిరంతరముగా సాగుచున్నది. దానికి తెలిసినది మనలోని చూచువాడు. అతనికి ఆకలి తీరుట యుండదు. తినువాడు వేరు, అతనికి కడుపు కలదు, వయస్సు కలదు, మరునాడు ఉదయమున లేచి పోవలసిన పని కలదు. అతనితో ఆ తెరకు పరిచయము లేదు.

ఆ చూచువాని కొరకు వండిన వంటలను నేనును చూచుచున్నాను, దాచుట ఎందులకు? గుంటూరు జిల్లా పల్లెలో నూరేండ్లు దాటిన మస్తానమ్మగారు, పొలములో రాళ్లపొయ్యి పెట్టి, పుచ్చకాయను తొలిచి అందులో కోడిమాంసము వండుట లోకమంతయు చూచినది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినపుడు ఆమె ముఖము ఎన్నడును నేరుగా చూడనివారు కూడ సొంత అవ్వ పోయినట్లు దుఃఖించిరి. ఆమె చేతివ్రేళ్లతో అల్లపు తొక్కు గీరివేయు తీరులో ఒక జీవితకాలపు నేర్పు కలదు, కపటము లేదు. ఆ దృశ్యములను మెచ్చుకొనుటకు నాకు సంకోచము లేదు. దక్షిణ కొరియాలో పుట్టి మన వద్దకు వచ్చిన మరియొక విధమైన ప్రదర్శన మాత్రము నాకు మింగుడుపడదు: ఒక యువకుడు పదిమందికి చాలు బిర్యానీని ముందు గుట్టగా పోసికొని, ఒంటరిగా కూర్చుండి, నమలు చప్పుడు మైకులో వినిపించుచు దానిని ఖాళీచేయును. బకాసురుని కథలో బండెడు అన్నమునకు ఊరివారు ఏడ్చిరి. ఇప్పుడు బండెడు అన్నమునకు ఊరివారు లైకులు కొట్టుచున్నారు.

ఇంతకంటె సూక్ష్మమైనది పథ్యములు చెప్పువారి ప్రభావము. ఒకరు అన్నము పూర్తిగా మాని కొబ్బరినూనె త్రాగుమందురు. మరియొకరు నూనెయే విషమందురు. ఇంకొకరు ఉప్పును, వేరొకరు పాలను, మరొకరు రాత్రి భోజనమునే విడిచిపెట్టుమందురు. ప్రొద్దుటూరువారై మైసూరులో స్థిరపడి 2023లో పద్మశ్రీ పొందిన ఖాదర్ వలీగారు సిరిధాన్యములను గూర్చి చెప్పిన మాటలు తెలుగునాట ఎన్ని వంటిండ్లలో డబ్బాల పేర్లను మార్చినవో మీకు తెలియును. వీరిలో ఎవరి మాట ఎంత సత్యమో తూచుట నా పని కాదు. నేను గమనించినది ఇంతే: తెరమీద ‘కొంచెము’ అను మాటకు బ్రతుకు లేదు. అన్నము కొంచెము తగ్గించుడు, కూర కొంచెము పెంచుడు, భోజనమైన తరువాత కొంచెము నడువుడు అని చెప్పు వైద్యుని దృశ్యమును ఎవరు చివరిదాక చూతురు? ఇది తింటే చచ్చెదవు, అది తింటే నూరేండ్లు బ్రతికెదవు అన్నచో కన్ను అక్కడనే ఆగును. మితము చెప్పువాడు ఆ సంతలో మొదటి గడియలోనే ఓడిపోవును.

తెర తినువానిమీద పనిచేయు తీరునకు ఒక చిన్న నిదర్శనము కలదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయమువారు 9 మొదలు 11 ఏండ్ల వయస్సుగల 176 మంది పిల్లలను మూడు జట్లుగా చేసి, ప్రసిద్ధులైన యువ ప్రచారకుల ఇన్‌స్టాగ్రాము పుటల వంటివానిని చూపి, పిదప చిరుతిండ్లు ముందు పెట్టిరి. ఆ ఫలితములు 2019లో వెలువడినవి. ప్రచారకులు మిఠాయిలు, చిప్సు వంటివి పట్టుకొని కనిపించిన బొమ్మలు చూచిన పిల్లలు, తిండి లేని బొమ్మలు చూచినవారికంటె సుమారు నాలుగవ వంతు అధికముగా తినిరి. అదే ప్రచారకులు పండ్లు, కాయలు పట్టుకొన్న బొమ్మలు చూచిన పిల్లలలో మాత్రము చెప్పుకొనదగిన మార్పు రాలేదు. అరటిపండును చూపి అరటిపండు తినిపించుట, చాక్లెట్టును చూపి చాక్లెట్టు తినిపించినంత సులభము కాదన్నమాట. మంచి తిండికి కూడ మంచి రీల్సు తీసిన చాలునని వాదించువారు ఈ సంగతి ఆలోచింపవలెను.

ఈ తికమకలో నాకు ఆధారముగా దొరికినది పాత గ్రంథము. చరక సంహితలోని విమానస్థానమున, ఆహార విషయములో పరిశీలింపవలసిన ఎనిమిది అంశములు చెప్పబడినవి: ద్రవ్యము యొక్క స్వభావము, దానిని వండి మార్చిన సంస్కారము, దేనితో దేనిని కలిపితిమను సంయోగము, ఎంత యను రాశి, దేశము, కాలము, తినుటలోని నియమము, చిట్టచివర తినువాడు. మొదటి మూడింటిని గూర్చి తెరమీద కావలసినంత దొరకును. నాలుగవదగు రాశి దగ్గర గొంతు తగ్గును. దేశకాలములు వచ్చుసరికి అసలే వినబడదు. ఆమస్టర్‌డామ్‌లో మంచు కురియు ఉదయమున తినెడి ఓట్సును, అనంతపురములో మే నెల మిట్టమధ్యాహ్నమున మనచేత తినిపించుట ఆ తెరకు వింతగా తోచదు. రాయలవారి ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనములను చూడుడు: వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసము, నీరుచల్ల; చలికాలములో మిరియపు ఘాటు కూరలు, ముక్కునకెక్కు ఆవపచ్చళ్లు, వేడినేయి. ఆ గృహస్థుడు వచ్చినవారి ఆకలికంటె ముందు ఆకాశమును చూచి వండించెను. ఇక ఎనిమిదవ అంశమగు తినువాడు, తన అలవాటు వలన తన శరీరమునకు ఏది ఒప్పునో ఎరిగినవాడు, అతడొక్కడే. కోటిమందికి ఒకేమారు చెప్పు మాట ఎంత మంచిదైనను ఆ ఎనిమిదవ గడిని నింపలేదు. అదే తావున చరకుడు, మాటలాడక, నవ్వక, మనస్సు నిలిపి, తన్ను తాను పరికించుకొనుచు భుజింపవలెననెను. భోజనపు బల్లమీద ఫోనును నీళ్లచెంబునకు ఆనించి నిలబెట్టు మన తరమునకు ఇంతకంటె సూటియైన మాట ఆయన చెప్పియుండజాలడు.

నా మట్టుకు నేను చేసికొన్న మార్పులు చెప్పుకొనుటకు గొప్పవి కావు. మొట్టమొదట పళ్లెము దగ్గరనుండి ఫోనును తొలగించితిని. కడుపు నిండిన సంగతి మనకు కొంత ఆలస్యముగా తెలియునని వైద్యులందురు. కన్ను మరియొకచోట నున్నపుడు ఆ ఆలస్యము ఇంకను పెరుగునని నాకు అనుభవములో తెలిసినది. తరువాత, కూరయు పప్పును కొంత ముందుగా తిని, అన్నమును వెనుకకు జరిపితిని. ఇది వినుటకు తేలిక. కాని ముద్దపప్పును, ఆవకాయను వేడియన్నము లేక ముట్టుకొనుట తెలుగువానికి సన్యాసము వంటిది గనుక, ఆ ఒక్క సందర్భమునకు నియమమును సడలించుకొంటిని. రాత్రిపూట జొన్నరొట్టె, అప్పుడప్పుడు కొర్రన్నము. సాయంకాలపు పకోడీ పొట్లము దానంతటదే తగ్గినది. ఎందుకనగా ఆ వేళ నాకు వేయుచున్నది ఆకలి కాదని, ఏమియు తోచకపోవుట యని తెలిసికొంటిని.

కష్టమంతయు బంధువుల ఇంట. మన వద్ద కొసరి వడ్డించుట ప్రేమ, వద్దనుట కినుక. మొన్న ఒక పెండ్లి విందులో మా అక్కయ్య అన్నపు హస్తము పట్టుకొని నిలబడి, “ఏరా, ఫోనులో ఎవడో చెప్పాడని నా చేతి అన్నం వద్దంటావా? నీకు మొదటి ముద్ద పెట్టింది ఎవర్రా?” అని అడిగినది. చరకుడు చెప్పిన ఎనిమిది అంశములలో ఏ ఒక్కటియు అప్పుడు నాకు తోడు రాలేదు. రెండవమారు వడ్డించుకొంటిని. తినువాడు ఒంటరివాడు కాడనియు, అతని చుట్టును అక్కలు, వదినెలు, మేనమామలు ఉందురనియు, పథ్యములు చెప్పు యువకులు ఎరుగరు. వారి వంటిండ్లలో ఎప్పుడును ఒక్కరే యుందురు.

మాధ్యమము వలన మేలు లేదనుట అన్యాయము. 2023లో కలకత్తాకు చెందిన ఒక యువకుడు, పిల్లలకు బలమునిచ్చునని పేరుపడిన బోర్నవీటాలో చక్కెర ఎంత యున్నదో చిన్న దృశ్యములో చెప్పెను. కంపెనీ నోటీసు రాగా అతడు దానిని తీసివేసెను గాని, సంగతి అప్పటికే దేశమంతట ప్రాకినది. మరుసటి యేడు ఏప్రిలులో కేంద్ర వాణిజ్య శాఖ, అట్టి పానీయములను ‘ఆరోగ్య పానీయములు’ అను శీర్షిక క్రింద అమ్మరాదని ఆన్‌లైను అంగళ్లకు సలహా పంపినది. డబ్బా వెనుక చీమతలకాయలంత అక్షరములలో నున్నదానిని తల్లులచేత చదివించుట పాఠ్యపుస్తకములు చేయలేకపోయిన పని. 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఆరోగ్యమును గూర్చి సలహాలిచ్చువారు తమ అర్హతలను వెల్లడింపవలెనని నియమము పెట్టుటయు మంచిదే.

సిరిధాన్యముల విషయములో మాత్రము ఖ్యాతి మొదట చేరవలసినవారికి చేరలేదని నా అభిప్రాయము. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించుటకు ఎన్నో యేండ్లు ముందే, జహీరాబాదు సమీపమున పస్తాపూరు కేంద్రముగా 1983 నుండి పనిచేయుచున్న దక్కను డెవలప్‌మెంటు సొసైటీలోని దళిత స్త్రీలు, తమ మెట్ట చెలకలలో జొన్న, సజ్జ, కొర్ర, సామ విత్తనములను కుండలలోను బుట్టలలోను దాచి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనుచు వానిని బ్రతికించిరి. వారు 2008లో మాచునూరులో సంగం రేడియో యను తమ సొంత రేడియోను కూడ నెలకొల్పుకొనిరి. ఆ రేడియోలో విత్తనము దాచిన చేతులే మైకు పట్టుకొనును, చెప్పువారును వినువారును ఒకే నేల తిండి తినువారు. దేశమును కాలమును తినువానిని ఎరిగిన మాధ్యమము నాకు తెలిసినంతలో అదియొక్కటి. ఆ స్త్రీలు తిన్నది పథ్యమని తినలేదు, తమ నేల పండించినదని తినిరి.

ఇప్పుడు ఆ గింజయే పిండియై, సేమియాయై, బిస్కట్టై, చిప్సై రంగుల సంచిలో మన ముందుకు వచ్చుచున్నది. సంచిమీద రాగి కంకి బొమ్మ పెద్దదిగా నుండును; వెనుక చూచిన, మైదా మొదట, చక్కెర తరువాత, రాగిపిండి ఎక్కడనో యుండును. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవారు 20 మందిని ఒకచోట ఉంచి, రెండు వారములు కర్మాగారములలో అతిగా మార్పుచెందిన ఆహారమును, రెండు వారములు సహజరూపమునకు దగ్గరగా వండిన ఆహారమును పెట్టిరి. రెండింటిలోను వడ్డించిన శక్తి, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానమే. అయినను మొదటి విధమైన తిండి దొరికినపుడు వారు దినమునకు సుమారు 500 కేలరీలు ఎక్కువగా తినిరి. గింజ పేరు మంచిదైనంత మాత్రమున సంచిలోని సరుకు మంచిది కానేరదనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

మా వీధి చివర కిరాణా దుకాణము పెట్టిన వ్యాపారికి ఈ శాస్త్రములేవియు అక్కరలేదు. ఆయన లెక్క వేరు. “ఒక వారం అందరూ అవిసె గింజలంటారండి, మరుసటి వారం చియా గింజలంటారు. కిందటి నెల అరికెలు మూట తెప్పించాను, అది దిగేసరికి అడిగేవాళ్లే లేరు. మా చిన్నవాడు ఫోనులో ఏం చూస్తున్నాడో చూసి సరుకు ఆర్డరు పెడుతున్నాను,” అనెను. మిగిలిపోయిన ఆ అరికెల మూటలోనుండి రెండు కిలోలు నాకు తగ్గింపు ధరకు తూచి యిచ్చుచు, మీరు రేడియోలో మాట్లాడతారట గదా, వచ్చే వారం దేని గురించి చెప్పబోతున్నారో ముందే చెప్పండి, తెప్పించి పెట్టుకొంటాను అని అడిగెను. నేను అన్నమును గూర్చి అని చెప్పగా, అది ఎప్పుడూ ఉండేదే కదండీ యని నిరుత్సాహపడెను.